రహస్యాలకు అనువైన జలపాతం

మా కొత్త మేనేజరుగారికి ఉన్నట్టుండి మా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మేం చేసిన పాపమేమిటో ఇప్పటికీ తెలియదు. ఒక రోజు మరమగ్గాల షెడ్డు గోడకి రంగుల కాగితం ఒకటి అతికించారు. అందులో ఒక కొండ, కొండ మీంచి దూకే జలపాతం, చుట్టూ పసుపు, ఊదా రంగు పూలు, వాటి మధ్య పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఓ కుటుంబం. కింద పెద్దక్షరాలతో 'వసంతంలో అడవిపూల నడక. చాలా సులువైన దారి. అందరూ రావచ్చు' అని ఉంది. దాని కింద చీమల్లాంటి అక్షరాలతో 'హాజరు తీసుకోబడును' అని కూడా ఉంది. రావచ్చు అన్న మాటకి మా మిల్లులో అర్థం అదే.

పైగా అది సెలవు రోజు. వారమంతా మగ్గాల మధ్య అటూ ఇటూ నడిచే మనుషులకి సెలవు రోజున కూడా నడకే పెట్టాలన్న ఆలోచన, కుర్చీలో కూర్చునేవాళ్లకి తప్ప ఇంకెవరికీ రాదు.

ఆయన్ని మేం చప్పట్ల సారు అంటాం. మొహం మీద కాదు. ఏ మీటింగు పెట్టినా చివర్లో "మనకి మనమే ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టుకుందాం" అంటాడు. ఈ ఏడు బోనసు లేదని చెప్పిన రోజున కూడా కొట్టించాడు. కొట్టాం కూడా. చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా.

ఆయన మొదటిసారి షెడ్డులోకి వచ్చినప్పుడు చెవులకి డిప్పలు తగిలించుకుని, తెల్ల ప్యాంటుకి నూనె అంటకుండా అంగలేసుకుంటూ ఈ చివర్నుంచి ఆ చివరకి వెళ్లాడు. బయటికొచ్చి మా అన్నయ్యతో, "ఎంత క్రమశిక్షణండీ మీ వాళ్లది! ఒక్కరంటే ఒక్కరు మాట్లాడుకోవడం చూళ్లేదు" అన్నాడట. ఆయన అలా నడుస్తున్నంత సేపూ మేం ఆయన ప్యాంటు గురించే మాట్లాడుకున్నాం.

మగ్గాలు ఆడుతుంటే మా షెడ్డులో పక్కవాళ్ల గొంతు పక్కవాళ్లకి వినపడదు. చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని మేం పెదాలతోనే మాట్లాడుకుంటాం. గొంతు ఉండదు. పెదాలు మాత్రం ఒక్కో అక్షరాన్నీ విడదీసి పలుకుతాయి, ఎదుటివాళ్లు కళ్లతో వింటారు. కొత్తగా చేరినవాళ్లకి తెగిన పోగు ముడెయ్యడం కంటే ముందు ఇదే వంటబడుతుంది. ఇంట్లో కూర మాడిన సంగతి, మొగుడు అలిగిన సంగతి, ఎవరి కూతురికి ఏ సంబంధం వచ్చిందన్న సంగతి, అన్నీ ఆ చివర్నుంచి ఈ చివరకి చప్పుడు లేకుండా చేరిపోతాయి. అద్దాల గదిలో కూర్చునేవాళ్లకి ఈ సంగతి తెలియదు. మేమూ చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి.

మా అన్నయ్య ఆ షెడ్డుకి మేస్త్రి. మా వదినా నేనూ ఒకే వరసలో ఎదురుబొదురు మగ్గాల మీద పనిచేస్తాం. మొగుణ్ని వదిలేసి వచ్చిన ఏడాది నేను అన్నయ్య ఇంట్లోనే, హాల్లో మడత మంచం మీద పడుకున్నాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. పొద్దున్నే ఆ మంచం మడిచేటప్పుడు వదిన వదిలే నిట్టూర్పు తప్ప నాకు ఆ ఇంట్లో ఏ కష్టమూ లేదు. తరవాత అన్నయ్యే నన్ను మిల్లులో పెట్టించాడు. ఇప్పుడు సైకిళ్ల రిపేరు షాపు మీద నాకంటూ ఒక గది ఉంది. దానికి ఒక తలుపు, ఆ తలుపుకి లోపలి వైపు గడియ ఉన్నాయి. గడియ లోపలి వైపు ఉండటం ఎంత సుఖమో మడత మంచం మీద పడుకున్నవాళ్లకే తెలుస్తుంది.

ఆ గది నిలవాలంటే నా పని నిలవాలి. పని నిలుస్తుందో లేదో తెలియకుండా ఉంది. పోగు తెగితే తనంతట తానే ఆగిపోయే కొత్త మగ్గాలు వస్తున్నాయనీ, వరసకి ఒక మనిషి చాలనీ షెడ్డంతా గుసగుసలు. మా వరసలో మనుషులం ఇద్దరమే. ఇద్దరం మేస్త్రిగారి ఇంటివాళ్లమే. ఆ సంగతి గురించి వదినా నేనూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. కూర మాడిన సంగతి మాత్రం రోజూ మాట్లాడుకున్నాం.

బస్సు మమ్మల్ని కొండ మొదట్లో దింపింది. అక్కడ కూడా ఒక బోర్డు, దాని మీద మళ్లీ 'సులువైన దారి' అని. ఆ మాట రాసినవాళ్లు దారిని విమానంలోంచి చూసి ఉండాలి. మొదటి మలుపు దాకా నిజంగానే సులువు. రెండో మలుపులో రాళ్లు మొదలయ్యాయి. మూడో మలుపులో నూలు కండెలు చుట్టే పెద్దమ్మ, మా అందరిలోకీ పెద్దది, రాయి మీద కూలబడి, "ఇది సులువైతే, కష్టమైన దారి ఎలా ఉంటుందో ఆ బోర్డు పెట్టినోణ్ని పిలిచి చూపించమనండి" అంది.

చప్పట్ల సారు మాత్రం కొత్త బూట్లతో ముందు నడుస్తూ మధ్యమధ్యలో వెనక్కి తిరిగి మాకు జ్ఞానబోధ చేశాడు.

"ఆగండి. ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చండి. ఈ క్షణంలో ఉండండి!"

"ఉన్నాం సార్. ఇంకెక్కడికి పోతాం, హాజరు తీసుకున్నారుగా" అన్నాను.

"గుడ్!" అన్నాడాయన. వెటకారం అనేది ఒకటి లోకంలో ఉందని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

పూలు మాత్రం ఉన్నాయి. కాగితం మీద అబద్ధం ఆడనిది అవొక్కటే. దారికి రెండు వైపులా పసుపు, ఊదా, తెలుపు, మధ్యలో ఎక్కడో ఒక ఎరుపు, గాలికి ఒక పక్కకి వాలుతూ లేస్తూ ఉన్నాయి. మా వాళ్లు వాటి చుట్టూ చేరి, బేరమాడే గుడ్డని చూసినట్టు చూశారు. పెద్దమ్మ ఒక ఊదాపువ్వు రేకుని వేళ్ల మధ్య నలిపి వేలు చూసుకుని, "రంగు నిలవదే. రెండు ఉతుకులకి పోతుంది" అని తేల్చేసింది. వదిన వంగి, పసుపు మీద ఊదా ఎంత బాగా నప్పిందో చూడమంది. నిజంగానే నప్పింది. కాసేపు నాకు కూడా కాళ్ల నొప్పులు గుర్తు రాలేదు. వదినా నేనూ భుజాలు రాసుకుంటూ నడిచాం. చాన్నాళ్లకి ఆవిడ నిట్టూర్చకుండా నా పక్కన నడవడం అదే.

చివరి మలుపు తిరిగేసరికి జలపాతం. నల్లటి బండ మీంచి ఒక్క ఊపున దూకుతున్నాయి నీళ్లు. కింద ఒక మడుగు, దాని చుట్టూ నునుపైన బండలు. ఆ హోరుకి చప్పట్ల సారు రెండు చెవులూ మూసుకుని మొహం చిట్లించాడు. మాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. అచ్చం మగ్గాలన్నీ ఒక్కసారి ఆడినట్టే ఉంది. అప్పటిదాకా ఆయాసపడుతూ గొంతు చించుకుని మాట్లాడినవాళ్లందరూ నోళ్లకి విశ్రాంతి ఇచ్చి, పెదాలతో హాయిగా కబుర్లలో పడ్డారు. మడుగు ఈ ఒడ్డునున్న పెద్దమ్మ ఆ ఒడ్డునున్న మనిషిని వక్కపొడి అడిగింది. ఆవిడ లేదంది. పెద్దమ్మ ఆవిడ పిసినారితనం మీద నాలుగు మాటలు అంది. ఇదంతా చూసి చప్పట్ల సారు, పాపం, ప్రకృతి ముందు మూగబోయామనుకుని ఉంటాడు.

అప్పుడే ఆయన అన్నయ్య భుజం తట్టి, రమ్మని సైగ చేసి మడుగు అవతలి బండ మీదికి తీసుకెళ్లాడు. ఎవరికీ వినపడకూడని మాట చెప్పుకోవడానికి ఆయన ఎంచుకున్న చోటు చూడండి. బండ మీద చక్కగా ఎండ పడుతోంది. మొహం మా వైపే ఉంది. పైగా ఆయనది ట్రైనింగుల్లో నానిన నోరు. ప్రతి అక్షరాన్నీ ముత్యంలా పలుకుతుంది. షెడ్డులో కొత్తవాళ్లకి పాఠం చెప్పడానికి అలాంటి నోరు ఒకటి దొరికితే మా పని ఎంత సులువయ్యేదో.

"ఇక్కడైతే ఎవరికీ వినపడదు" అన్నాడు ముందుగా.

మడుగు ఈవల కబుర్లన్నీ ఆగిపోయాయి.

అన్నయ్య మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మిల్లు మనిషి కదా, తన నోరు మాకు కనపడకూడదన్న జాగ్రత్త అతనికి ఉంది. ఆ జాగ్రత్తలో సగం ఖర్చుపెట్టి ఎదుటి మనిషిని కూడా అటు తిప్పి ఉంటే ఎంత బాగుండేదో. తిప్పలేదు. మేనేజర్ని భుజాలు పట్టుకుని తిప్పడం ఏ మేస్త్రికి చేతనవుతుంది?

"మీ వరసలో ఇక ఒకరు చాలండి. ఎవర్ని తీసెయ్యాలో పైవాళ్లు రేపు పేరు చెప్పమన్నారు" అన్నాడు చప్పట్ల సారు. "ఇద్దరూ మీ ఇంటివాళ్లే. నేను చెబితే బాగుండదు. మీరే చెప్పండి. మీ ఆవిడా, మీ చెల్లెలా?"

నా పక్కన వదిన చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో ఆవిడకే తెలియదనుకుంటాను. నేను అన్నయ్య వీపునే చూస్తున్నాను. ఆ వీపు నాకు చిన్నప్పటినుంచి తెలుసు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి నన్ను మోసుకెళ్లిన వీపు అది. ఎంత చూసినా ఒక్క ముక్క చెప్పలేదు.

మేనేజరు కనుబొమలు పైకి లేచాయి. "చెల్లెల్నా?" అన్నాడు.

తరవాత అన్నయ్య ఏదో చాలాసేపు చెప్పాడు. ఆయన తలాడిస్తూ విన్నాడు. మంచి ట్రైనింగు కదా, విన్న మాట సరిగ్గా అర్థమైందో లేదో తిరిగి చెప్పి చూసుకోవడం కూడా నేర్పించారు.

"మీ ఇంట్లో మంచం ఉంది... ఆఁ. మీ ఆవిడకి పిల్లల ఫీజులున్నాయి... ఆఁ. చెల్లెలుగారైతే ఒంటరి మనిషే కదా, ఎలాగోలా బతికేస్తుందంటారు. సరే అయితే. నాక్కూడా అదే సబబనిపిస్తోంది."

అయిపోయింది. అన్నయ్య భుజాన్ని మళ్లీ ఒకసారి తట్టాడు.

మా షెడ్డు షెడ్డంతటికీ ఆ క్షణంలో పూల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. ప్రతివాళ్లూ వంగి ఏదో ఒక పువ్వుని పట్టి పట్టి చూస్తున్నారు. పూలు దొరకనివాళ్లు నాచుని చూస్తున్నారు. నా మొహం చూసే ధైర్యం ఒక్క పెద్దమ్మకే వచ్చింది. ఆవిడ పెదాలు కొరుక్కుంది.

వదిన నా మోచెయ్యి వదిలేసి పెద్దగా ఊపిరి తీసుకుంది. ఆ హోరులో ఆ ఊపిరి నాకు వినపడలేదు గానీ కనపడింది. బతికిపోయినదాని ఊపిరి. వెంటనే నా వైపు చూసి సిగ్గుతో తల దించుకుంది. ఆవిడ చోట నేనున్నా అలాగే ఊపిరి తీసుకునేదాన్ని. అది తెలిసి కూడా నాకు ఒళ్లు మండిపోయింది.

అన్నయ్య బండలు దాటుకుంటూ మా ఒడ్డుకి వచ్చాడు. నేను అతనికి ఒక అవకాశం ఇద్దామనుకున్నాను. ఎదురుగా నిలబడి, "ఏమన్నాడు?" అని పెదాలతో అడిగాను.

అన్నయ్య నా మొహం చూశాడు, వదిన మొహం చూశాడు, పూలలోకి తలలు దూర్చిన మిగతా వాళ్లని చూశాడు. మాకు అంతా తెలుసని అతనికి తెలియకపోవడానికి అతనేమన్నా నిన్న పుట్టాడా?

"నీళ్లు బాగున్నాయన్నాడు" అన్నాయి అతని పెదాలు.

దిగేటప్పుడు దారి నిజంగానే సులువుగా ఉంది. కాళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసుకునే ఓపిక నాకు లేదు, అవే దిగాయి. ముందు నడుస్తున్న అన్నయ్య వెనక్కి తిరిగి చూడలేదు. వదిన మాత్రం రెండు మూడుసార్లు నా పక్కకి వచ్చి, మళ్లీ వెనకబడింది. సైకిల్ షాపు మీది నా గది, దాని గడియ, ఆ గడియ చేసే చిన్న చప్పుడు, ఇవే నా బుర్రలో తిరుగుతున్నాయి. ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఆయాసమనుకుంటారులే అనుకుని ఏడ్చాను.

కింద బస్సు పక్కన పచ్చికలో చప్పట్ల సారు మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టాడు. ఇంకా అయిపోలేదు మరి. సరదా అనేది సంపూర్ణంగా జరగాలి.

"ఇవాళ్టి నడకలోంచి మీరు మనసులో ఏం తీసుకెళ్తున్నారో ఒక్కొక్కరు ఒక్కో వాక్యంలో చెప్పాలి. సిగ్గుపడకూడదు. మనమంతా ఒకే కుటుంబం!"

ఒకడు కాళ్లకి బొబ్బలు తీసుకెళ్తున్నానన్నాడు. పెద్దమ్మ, "నేను తీసుకెళ్లేదేమీ లేదు బాబూ, నా మోకాళ్లు కూడా అక్కడే వదిలేసి వస్తున్నాను" అంది. ఆయన ప్రతిదానికీ "గుడ్, గుడ్" అన్నాడు. వదిన పూలు బాగున్నాయంది. తరవాత నా వంతు.

అక్కడ హోరు లేదు. గాలి కూడా లేదు. గుసగుసలాడినా అందరికీ వినపడేంత నిశ్శబ్దం. నేను ఆయన కళ్లలోకి చూస్తూ, గొంతు లేకుండా, షెడ్డులో మాట్లాడినట్టే పెదాలు కదిపాను.

"ఏంటమ్మా? వినపడలేదు. కొంచెం గట్టిగా" అన్నాడాయన.

మళ్లీ అలాగే అన్నాను. గుండ్రంగా నిలబడ్డ వాళ్లలో ఒక్కరూ కదల్లేదు. ఆయన అటూ ఇటూ చూసి, చివరికి అన్నయ్య వైపు తిరిగాడు.

"మేస్త్రిగారూ, మీ చెల్లెలుగారు ఏమంటున్నారు?"

అన్నయ్య నా వైపు చూడకుండానే చెప్పాడు. "చాలా బాగుందంటోంది సార్."

నేను మూడోసారి పలికాను. ఈసారి అన్నయ్య వైపు తిరిగి, కొత్తగా చేరినవాళ్లకి చెప్పినట్టు, ఒక్కో అక్షరం దగ్గరా ఆగి ఆగి. అన్నయ్య మొహం ఎర్రబడింది.  ఆ నిశ్శబ్దంలో పైకి అన్నాడు.

"ఒంటరిదాన్నే కదా, ఎలాగోలా బతికేస్తాను, అంటోంది సార్."

చప్పట్ల సారు మొహం వెలిగిపోయింది. "అద్భుతం! చూశారా? ఇదీ ఆత్మవిశ్వాసమంటే! ఇలాంటి ఆలోచనే మనందరికీ కావాలి. ఏదీ, అందరూ ఒక్కసారి గట్టిగా..." అని చప్పట్లు మొదలుపెట్టాడు. ఆయన ఒక్కడే కొట్టాడు. తన నోట్లోంచి ఇంకా తడి ఆరకుండా వచ్చిన మాటని ఆయన పోల్చుకోలేదు.

"సార్, ఆపండి" అన్నాడు అన్నయ్య. "అది తన మాట కాదు. ఇందాక నీళ్ల దగ్గర నేను మీతో అన్న మాట."

చప్పట్లు ఆగాయి. "అది... అది మీకూ నాకూ మధ్య..."

"మీరన్నవన్నీ వీళ్లు చూశారు సార్."

"చూడ్డమేంటండీ? ఆ హోరులో నేను అంత మెల్లగా మాట్లాడితే!"

"మెల్లగా అయినా చాలా బాగా పలుకుతారు బాబూ మీరు" అంది పెద్దమ్మ. "ఒక్క అక్షరం కూడా పోలేదు."

ఆయన మా మొహాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. బహుశా తెల్ల ప్యాంటు రోజు దాకా వెనక్కి వెళ్లి ఉంటాడు. మెల్లగా ఆయన చెయ్యి పైకి లేచి నోటికి అడ్డం పడింది. ఆ చెయ్యి వెనకనుంచే, "అదింకా ఫైనల్ కాలేదమ్మా" అన్నాడు నాతో. ఎప్పుడో అయింది. నెల తిరక్కుండా నా మగ్గాలు ఆపేశారు. ఆ పూట మాత్రం ఆయన మళ్లీ నోరు చూపించకుండా డ్రైవరు పక్క సీట్లో కూర్చుని ఊరు చేరాడు.

అందరూ బస్సెక్కుతున్నారు. అన్నయ్య పచ్చికలో అలాగే నిలబడి ఉన్నాడు. నేను అతని దాకా వెళ్లలేదు, అతనూ నా దాకా రాలేదు. అంత దూరంనుంచే పెదాలు కదిపాడు.

"ఇంకేం చెయ్యమంటావే?"

"నన్నొక్క మాట అడగాల్సింది" అన్నాను, నేనూ గొంతు లేకుండానే.

అడిగి ఉంటే ఏం చెప్పేదాన్ని? ఆ కొండ దిగుతున్నంత సేపూ నేను ఏడ్చింది దాని గురించే. వదినకి ఇద్దరు పిల్లలు. వాళ్లని నేను ఎత్తుకుని తిప్పాను. రేపు చెబుతానని సారుతో అని, ఆ రాత్రి నా గది మెట్లెక్కి వచ్చి, మంచం అంచున కూర్చుని, 'ఎవరి పేరు చెప్పనే?' అని అన్నయ్య ఒక్క మాట అడిగి ఉంటే, నా పేరే చెప్పమనేదాన్ని. తిట్టి, సాధించి, వెటకారాలన్నీ ఆడి, చివరికి నా పేరే చెప్పమనేదాన్ని. అన్నయ్య ఇంకా నా పెదాల వైపే చూస్తున్నాడు. ఆ మాట వాటి మీదికి రానివ్వకుండా గట్టిగా బిగించుకుని, బస్సెక్కాను.